పసుపు నీళ్ళలో ఉన్నికోటు

మంగళవారం పొద్దున్న రత్నావతి ఫ్యాక్టరీ బస్సెక్కి వెళ్ళిన పావుగంటకి దాలమ్మ పెరటి పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టింది. అమ్మవారి పండక్కి పులిహోర కలిపే అల్యూమినియం గిన్నె అది. నీళ్ళు నింపి, గుప్పెడు పసుపు చల్లి, నాలుగు వేప రెమ్మలు తుంచి వేసింది. నీళ్ళు మరిగేలోపు నడిమి గదిలోకి వెళ్ళి, మంచం మీద నోరు తెరుచుకుని ఉన్న నీలం సూట్‌కేసు ముందు నిలబడింది.

నాలుగు నెలలుగా ఆ సూట్‌కేసు అలాగే ఉంది. మలేసియాలోని సుంగై పెటాని ఊళ్ళో చేతి తొడుగుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్న కూతురు, యాభై ఏళ్ళ వయసు వచ్చినా పెళ్ళి మాట లేకుండా తల్లి గదిలోనే పడుకుని లేచే కూతురు, గురువారం విమానమెక్కి నార్వే అనే దేశం పోతోంది. అక్కడ బెర్గెన్ రేవులో ఓడెక్కి పది రోజులు ఉత్తరానికి వెళుతుందట. అక్కడి ఆకాశంలో పచ్చటి వెలుగు, ఆరేసిన చీర గాలికి ఊగినట్టు ఊగుతుందట. తోడు వెళ్ళేది పక్క టేబుల్ మీద పనిచేసే ఎవెలిన్. ఇద్దరూ ఆ వెలుగు బొమ్మని ఫ్యాక్టరీ క్యాంటీన్ గోడ మీది క్యాలెండర్లో చూశారు. ఏడాది పొడుగునా ఆ పేజీని ఎవరినీ తిప్పనివ్వలేదు.

మలేసియాలో చలి బట్టలు ఎవరింట్లో ఉంటాయి? రత్నావతి ప్రతి ఆదివారం బండిల్ కొట్టుకి వెళ్ళేది. జపాన్ నుంచీ కొరియా నుంచీ మూటలుగా దిగే, ఎవరో వాడి వదిలేసిన బట్టల కొట్టు అది. వెతికి వెతికి ఒక్కొక్కటే తెచ్చింది. మోకాళ్ళ దాకా వచ్చే బూడిదరంగు ఉన్నికోటు, మూడు స్వెట్టర్లు, ఒక ఉన్ని పంట్లాం. సాయంత్రాలు వాటిని మడత పెట్టేది, విప్పేది, మళ్ళీ ఇంకోలా మడత పెట్టేది. ఆ పనిలో ఉన్నప్పుడు తనకి తెలియకుండానే ఏదో పాట ముక్క కూనిరాగం తీసేది. ఆ కూనిరాగం వింటే దాలమ్మకి అన్నం సహించేది కాదు.

సోమవారం సాయంత్రం కోటు జేబు తడుముతుంటే దాలమ్మ చేతికి మాత్రల అట్ట ఒకటి తగిలింది. పదింటిలో ఆరు మింగినవి, నాలుగు మిగిలినవి. గుళ్ళో పంచిన పాటల పుస్తకం ముందు పెట్టుకుని తనంత తానుగా తెలుగు చదవడం నేర్చుకున్న మనిషి దాలమ్మ. కానీ అట్ట మీద ఉన్నవి ఏ దేశపు అక్షరాలో ఆమెకి అందలేదు. నాలుగు మాత్రలు మిగిల్చి, ఆ కోటు తొడిగిన మనిషి ఎక్కడికి పోయినట్టు? ఈ ప్రశ్నకి ఆమెకి ఒక్కటే జవాబు తోచింది.

పోయినవాళ్ళ బట్ట ఇంట్లోకి వస్తే పసుపూ వేపాకూ వేసిన నీళ్ళలో బాగా మరగకాచి, ఎండలో ఆరేశాకే ఒంటికి తగలాలి. సుంగై సిపుట్ రబ్బరు ఎస్టేట్లో తల్లి నేర్పిన ఆచారం అది. దొర బంగళా నుంచి వచ్చిన పాత చొక్కాలని కూడా తల్లి అలాగే కాచేది. నూలు బట్టలకి కాస్త పసుపు రంగు అంటడం తప్ప మరో నష్టం ఉండేది కాదు. ఉన్ని సంగతి ఆ వంశంలో ఎవరికీ తెలియదు. మూడు తరాలుగా తెలియాల్సిన అవసరం రాలేదు.

బట్టలన్నీ గిన్నెలో వేసి కర్రతో అదిమి, మూత పెట్టి గంటసేపు కాచింది. కోడలు యోగేశ్వరి వాసనకి ముక్కు మూసుకుని పెరట్లోకి వచ్చింది.

"అత్తా, మేకని ఉడకబెడతన్నారేటి? వీధి సివర దాకా కంపు కొడతన్నాది."

దాలమ్మ మూత తీసి, కర్రతో కోటుని పైకెత్తింది. పైకి వచ్చింది కోటు కాదు. ఒకటో తరగతి పిల్లకి సరిపోయే, అట్టముక్కలా బిగుసుకుపోయిన, ఆవాల రంగు చొక్కా ఒకటి నీళ్ళు కారుస్తూ కర్రకి వేలాడింది. స్వెట్టర్లు ఇంకా చిన్నవైపోయాయి. యోగేశ్వరి ఒకదాన్ని పట్టుకుని రెండు వైపులా లాగింది. అది ఇసుమంత కూడా సాగలేదు. అత్తా కోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మూడున్నరకి రత్నావతి ఇంటికి వచ్చింది. ఆరేసిన తీగ మీద పసుప్పచ్చటి చిన్న చిన్న బట్టలు చూసి, పక్కింటి పిల్లలవి అనుకుని లోపలికి వెళ్ళింది. ఖాళీ సూట్‌కేసు చూసి మళ్ళీ బయటికి వచ్చింది. తీగ దగ్గర నిలబడి కోటు చెయ్యి పట్టుకుని చాలాసేపు చూసింది. దాలమ్మ మాత్రల అట్ట గురించి, ఎస్టేట్ ఆచారం గురించి చెప్పుకుంటూనే ఉంది. కూతురు కేకలేస్తే బాగుండుననిపించింది. ఆమె కేకలేయలేదు.

"కావాలనే సేసినావమ్మా."

"నీ మీద ఒట్టు, నాకు తెల్దు."

"సింగపూర్ కంపెనీలో పనొచ్చినప్పుడు నాకు ఇరవై మూడు. నాను బస్సెక్కే రోజు నీకు జొరమొచ్చినాది. బంటింగ్ నించి వసంతన్ వాళ్ళు నన్ను పెళ్ళికి అడగడానికొచ్చినప్పుడు ఇరవై తొమ్మిది. దూరమన్నావు. ఇప్పుడు పది రోజులు. పది రోజులే కదమ్మా అడిగినాను."

ఆ మాటలు నెమ్మదిగా, ఫ్యాక్టరీలో తొడుగులు లెక్కపెట్టినట్టు ఒక్కొక్కటే పడ్డాయి. అప్పుడే మోటారుసైకిల్ దిగి లోపలికి వచ్చాడు కొడుకు సంతోష్. టెలిఫోన్ తీగలు బాగుచేసే పనిలో ఎండావానా తిరిగే మనిషి. జరిగింది విని, తీగ మీద బట్టలు చూసి నవ్వాపుకోలేకపోయాడు. ఆ తర్వాత పెద్దరికం తెచ్చుకుని, జరిగింది మంచికేనన్నాడు. అప్పకి యాభై ఏళ్ళొచ్చాయని, అంత చలిలో ఏమైనా జరిగితే ఎవరు చూస్తారని, అమ్మ బెంగతో సగమైపోయిందని, టికెట్టు రద్దు చేయించే పూచీ తనదని చెప్పాడు. కొత్త బట్టలు కొందామంటే కౌలాలంపూర్ దాకా వెళ్ళాలి, రేపు రత్నావతికి డ్యూటీ ఉంది, ఎల్లుండే విమానం. అన్ని దారులూ ఒక్కసారే మూసుకుపోయినట్టయింది.

రత్నావతి కోటు చెయ్యి వదిలేసింది. లోపలికి వెళ్ళి సూట్‌కేసు మూసి, కుర్చీ ఎక్కి బీరువా మీదికి తోసేసింది. ఆ శబ్దం దాలమ్మ చెవిన పడింది. ఆ వెంటనే ఒక విషయం ఆమెకి తెలిసొచ్చింది. సూట్‌కేసు మూతపడిన శబ్దానికి తన మనసు తేలికపడింది. పొయ్యి మీంచి ఆ కోటుని ఎత్తినప్పుడు కూడా, అయ్యో అనుకోవడానికి ముందు ఒక్క రెప్పపాటు, ఇలాగే తేలికపడింది.

బుధవారం తెల్లవారకముందే లేచింది. తోటలో రబ్బరు చెట్లు గీసే రోజుల అలవాటు, పని మానేసి ముప్ఫై ఏళ్ళయినా పోలేదు. కూతురికి కాఫీ గ్లాసు అందించింది, ఆమె తాగి పెట్టింది, అంతే. కూతురు వెళ్ళాక దాలమ్మ తీగ మీది బట్టలు తెచ్చి హాల్లో కూర్చుంది. బిగుసుకుపోయిన కోటుని ఒళ్ళో పెట్టుకుని నిమురుతుంటే ఫ్యాన్ గాలి మోకాళ్ళకి తగలడం లేదని తోచింది. నిలువు ఫ్యాను దగ్గరికి జరిపి, జోరు పెంచి, ఆ ముక్కని మొహానికి అడ్డం పెట్టుకుంది. గాలి రాలేదు. స్వెట్టరు అడ్డం పెట్టుకుంది. చెవుల పక్కనుంచి జోరు పోతోంది గానీ ముక్కుకి చుక్క గాలి తగల్లేదు.

సుంగై సిపుట్ తోటలో జనవరి తెల్లవారుజాములు ఆమెకి గుర్తొచ్చాయి. కొండ దిగి వచ్చే చలిగాలి, ఆకుల మీంచి మెడలో పడే మంచునీళ్ళు. తోటలో కొత్తగా పనికి వచ్చినవాళ్ళు ఒక దుప్పటి కప్పుకుని వచ్చి వణికేవాళ్ళు. పాతవాళ్ళు అలా రారు. ఒంటికంటుకునేలా పల్చటి బనీను, దాని మీద గాలి దూరని బట్ట, అన్నిటికీ పైన తడి ఆపేది. మూడు పొరలు, మూడిటికీ వేరు వేరు పని. అలా కట్టుకుని మూడు వందల చెట్లు గీస్తే వీపు మీద చెమట పట్టేది. చలి బరువుకి లొంగదు, పొరలకి లొంగుతుంది. ఈ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఇరవై ఆరేళ్ళు ఒంటి మీద నేర్చుకుంది.

కత్తెర తీసింది. కోటుని నిలువునా కోసి, స్వెట్టర్ల ముక్కలు అతికి, చేతులు లేకుండా ఛాతీకీ వీపుకీ పట్టే చొక్కా ఒకటి కుట్టింది. పంట్లాం ముక్కలు నడుముకీ తొడలకీ పట్టేలా చేసింది. తొక్కుడు మిషను సూది ఆ మందానికి రెండుసార్లు విరిగింది. పైపొర ఒకటి కావాలి. గోడకి సంతోష్ మోటారుసైకిల్ వానకోటు వేలాడుతోంది. పొడుగ్గా, వదులుగా, టోపీతో సహా. ఆ పూట ఎండగా ఉందని వదిలేసి వెళ్ళాడు. యోగేశ్వరి గుమ్మంలోంచి చూస్తూనే ఉంది.

"అత్తా, అది ఆయన ప్రాణం," అంది.

"ఆడి ప్రాణం ఎక్కడికీ పోదు. బొత్తాలు అందుకో," అంది దాలమ్మ.

కోడలు ఒక నిమిషం ఆలోచించి, వచ్చి కింద కూర్చుని బొత్తాలు కుట్టడం మొదలుపెట్టింది.

రత్నావతి వచ్చేసరికి హాలంతా పసుప్పచ్చటి ఉన్ని పీచు. చెప్పులు విప్పి గుమ్మం దగ్గరే నిలబడింది. దాలమ్మ మిషను మీంచి తలెత్తకుండా, పొద్దున్నుంచీ నోట్లో నానుతున్న మాట బయటపెట్టింది.

"నిన్న ఆ బట్టలు కుదించుకుపోతే నా కడుపు సల్లబడినాది. అది నిజం. కావాలని సెయ్యలేదు, అదీ నిజం. రెండూ నావే."

తల్లి ఆగకుండా చెప్పుకుపోయింది. ఐదేళ్ళ వయసులో తండ్రి భుజాల మీద కూర్చుని పినాంగు రేవులో చూసిన మదరాసు ఓడ గురించి. అందులో పెళ్ళికని పంపించిన పద్నాలుగేళ్ళ అప్ప పైడమ్మ గురించి. రెండు ఉత్తరాలొచ్చి మూడోది రాని సంగతి. ఓడ కనుమరుగైపోయాక కూడా తల్లి ఒడ్డు వదిలి రానని కూర్చున్న సంగతి. ఇవన్నీ రత్నావతికి ముక్కలు ముక్కలుగా తెలుసు. తెలియనిది ఒక్కటే.

"ఆ రోజు కాడనించి ఎవరు గడప దాటినా నాకు ఓడే కనపడతాది. నువ్వు బస్సెక్కినా ఓడే. నా బయం నీ మెడకి కట్టినాను రత్నా. ముప్ఫై ఏళ్ళు మోసినావు. ఇంక ఇప్పు."

రత్నావతి చేతిసంచీ కింద పెట్టింది. కళ్ళు తుడుచుకుని, చేతులు చాపింది. దాలమ్మ లేచి పల్చటి బనీను మీద ఉన్ని చొక్కా తొడిగింది, దాని మీద వానకోటు వేసి, నడుము దగ్గర నాడా బిగించింది. ఆ ముప్ఫై రెండు డిగ్రీల ఉక్కలో కూతురు మొహం నిమిషంలో ఎర్రబడింది.

సరిగ్గా అప్పుడే సంతోష్ వచ్చాడు. ముందు వానకోటుని గుర్తుపట్టాడు, ఆ తర్వాత అందులో ఉన్న మనిషిని. నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఈ వేషంతో ఓడెక్కితే తెల్లవాళ్ళు నవ్విపోతారని, ఇంట్లో కుట్టిన దానితో అంత చలికి తట్టుకోవడం జరిగే పని కాదని, టికెట్టు సంగతి రేపు పొద్దున్నే మాట్లాడతానని అన్నాడు. నిన్నటిదాకా కొడుకు మాటకి తలూపిన దాలమ్మ ఈసారి ఊపలేదు.

"నువ్వూ నానూ ఆ దేశం సలి సూసినోలం కాదు. అయితే సలిలోనే నిలబెట్టి సూద్దాం. ఎవెలిన్‌కి ఫోన్ సెయ్యి."

ఎవెలిన్ భర్త లారెన్స్ చేపల కోల్డ్‌స్టోరేజీలో సూపర్‌వైజరు. విషయం విని ఫోన్లోనే పడీ పడీ నవ్వాడు. ఆరింటికి లారీలు వెళ్ళిపోతాయి, రమ్మన్నాడు. ఎవెలిన్ కూడా తన కొత్త కోటు తెచ్చుకుంది. కౌలాలంపూర్ పెద్ద అంగడిలో కొన్నది, దిండులా ఉబ్బిన గులాబీరంగు కోటు. రత్నావతిని చూసి ఆమె కూడా నవ్వింది.

"నార్వేలో పీజా డెలివరీకి ఎల్తన్నావేటే?"

చేపల గది లోపల సున్నాకి కింద పద్దెనిమిది డిగ్రీలు. పది నిమిషాలకి మించి ఉంచనని లారెన్స్ ముందే చెప్పాడు. మందపాటి ఇనప తలుపు తెరిచేసరికి తెల్లటి పొగ కాళ్ళ మీదికి దొర్లింది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. తలుపు మూసుకుంది. లోపలికి చూడ్డానికి తలుపులో అరచేతి వెడల్పు అద్దం ఒకటి తప్ప ఏమీ లేదు. అది కూడా ఒక్క క్షణంలో మంచుతో తెల్లబడింది.

దాలమ్మ తలుపు ముందు నిలబడింది. అద్దంలో కూతురు లేదు. ఆమె చెయ్యి దానంతటదే తలుపు పిడి మీదికి పోయింది. పిడి చల్లగా అరచేతికి అతుక్కుంది. లాగితే వచ్చేస్తుంది, వెంటనే కూతురు కనపడుతుంది. ఇన్నేళ్ళూ చేసింది అదేగా. పిడి మీంచి వేళ్ళు ఒక్కొక్కటే తీసి, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని, పొట్టకి ఆనించుకుని నిలబడింది. సంతోష్ తల్లినే చూస్తున్నాడు.

ఏడో నిమిషానికి తలుపు దడదడలాడింది. ఎవెలిన్ బయటికి వచ్చి పడింది, పళ్ళు కొట్టుకుంటున్నాయి. కోటు బానే ఉందని, కింద జీన్స్ లోంచి ఎముకల్లోకి దూరుతోందని చెప్పి, లారెన్స్ చేతిలోని టీ లాక్కుంది. రత్నావతేదని అడిగితే లోపల చేపపెట్టెల మీది రాతలు చదువుతోందంది. పది నిమిషాలయ్యాయి. లారెన్స్ తలుపు సందులోంచి పిలిస్తే రానని చెయ్యి ఊపింది. పదిహేనుకి మళ్ళీ పిలిచాడు. ఇరవైకి ఇంక తన ఉద్యోగం పోతుందని చెప్పి తనే వెళ్ళి పిలుచుకొచ్చాడు.

పొగలోంచి రత్నావతి నడిచి వచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది. వేళ్ళు కొంకర్లు పోయాయి. టోపీ వెనక్కి తోసేసరికి నుదుటి మీద చెమట బొట్లు.

"సేతులకి తొడుగులు కావాలమ్మా," అంది. "ముప్ఫై ఏళ్ళు లోకానికి తొడుగులు సేసినాను. నాకే లేవు."

ఎవెలిన్ టీ గ్లాసు పక్కన పెట్టేసి, తన కాళ్ళకి కూడా అలాంటివి కుట్టి పెట్టమని దాలమ్మని బతిమాలింది. మిగిలిన స్వెట్టరు చేతులు ఉన్నాయిగా, చూద్దామంది దాలమ్మ, గొంతులో గర్వం దాచుకోలేక. బయటికి వచ్చేసరికి వాన దంచి కొడుతోంది. సంతోష్ కాసేపు వానవైపు, కాసేపు అప్ప ఒంటి మీది వానకోటు వైపు చూశాడు. మోటారుసైకిల్ స్టార్ట్ చేసి నిలువెల్లా తడుస్తూ ఇంటికి పోయాడు. తల్లీకూతుళ్ళు ఎవెలిన్ వాళ్ళ కారులో ఇల్లు చేరుకునేసరికి, తల తుడుచుకోకుండానే, బీరువా మీంచి సూట్‌కేసు దింపి దుమ్ము దులుపుతున్నాడు.

గురువారం పొద్దున్న దాలమ్మే సర్దింది. అడుగున పల్చటివి, వాటి మీద గాలి ఆపేవి, అన్నిటికంటే పైన వానకోటు, తీయగానే చేతికొచ్చేలా. కూనిరాగం తీసింది ఈసారి ఎవరో రత్నావతికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

శనివారం సాయంత్రం ఏడింటికి, అక్కడింకా మధ్యాహ్నం, సంతోష్ ఫోన్ మోగింది. అతను దాన్ని తల్లి చేతిలో పెట్టాడు. తెర మీద రత్నావతి, టోపీ చుట్టూ మంచు తునకలు. వెనకాల ఓడ మేడ మీద ఒక్క పురుగు లేదు. అందరూ గాలికి తట్టుకోలేక లోపలికి పోయారట. ఎవెలిన్ కూడా అద్దాల్లోంచే చెయ్యి ఊపుతోందట. ఇందాక ఒక ముసలి తెల్లామె వచ్చి లోపలి పసుప్పచ్చటి ఉన్నిని పట్టుకుని చూసి, తమ దేశంలో పాతకాలంలో ఉన్నిని ఇలాగే మరగబెట్టి గట్టి చేసుకునేవాళ్ళని, ఇంత చక్కగా చేసిందెవరని అడిగిందట.

"ఏటి సెప్పినావు?"

"మా అమ్మని సెప్పినాను."

అంతలో బొంగురుగా, పొడుగ్గా ఓడ కూత వినపడింది. తెర కొద్దిగా ఊగింది. రత్నావతి గొంతు మారిపోయింది. ఓడ కదిలిందని, ఒడ్డు మీద రంగురంగుల ఇళ్ళు వెనక్కి పోతున్నాయని, అమ్మకి చూపిస్తానని ఫోన్ అటు తిప్పబోయింది. యోగేశ్వరి అత్త భుజం మీద చెయ్యి వేసింది. సంతోష్ ఫోన్ తీసుకోవడానికి చెయ్యి చాపాడు, అమ్మ తట్టుకోలేదని.

దాలమ్మ ఫోన్ వదల్లేదు.

"ఒడ్డు నాకొద్దు. దాన్ని సూసి సూసి ఉన్నాను. నువ్వు ఎల్లే యేపు తిప్పు రత్నా. ముందేటున్నాదో అది సూపించు."

తెర గిర్రున తిరిగింది. నల్లటి నీళ్ళు, నీళ్ళకి అటూ ఇటూ తెల్లటి కొండలు, కొండల మధ్య తెరుచుకుంటున్న దారి. చెవులు చిల్లులు పడేలా గాలి. ఆ గాలిలో నిలబడి తన కూతురు హాయిగా నవ్వడం వినపడుతోంది. దాలమ్మ కళ్ళ నిండా నీళ్ళు. తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఆ ఒక్క క్షణం ఎక్కడ కనపడకుండా పోతుందోనని.